పదిహేను నిమిషాల ఆపరేషన్‌కి ఏ మందు?

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో మాది బట్టల కొట్టు. బేరాలతో అరిచి అరిచి మావారి గొంతు బొంగురుపోయింది. స్వరతంత్రి మీద బుడిపె ఉందని, పదిహేను నిమిషాల్లో తీసేస్తామని డాక్టరు చెప్పారు. పన్నెండేళ్ల కిందట మా చిన్నమామగారికి ఒక నర్సింగ్‌హోమ్‌లో చిన్న ఆపరేషన్ చేస్తే, అయ్యాక ఐదు గంటలు సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయారు. స్కోలిన్ పడలేదన్నారట. మేం ఆర్యవైశ్యులం, మావారి అమ్మానాన్నలది మేనరికం. ఇంత చిన్న ఆపరేషన్‌కి ఆ మందు తప్పదా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ ఐదు గంటల సంగతి మీ మత్తు డాక్టరుకు అన్నిటికంటే ముందు చెప్పండి. అడిగినప్పుడు చూద్దాంలే అనుకోవద్దు.

కండరాలను వదులు చేసే మందు తప్పదు. స్కోలిన్ మాత్రం తప్పుతుంది. సర్జన్ మైక్రోస్కోప్‌లో చూస్తూ ఆవగింజంత బుడిపెను సన్నటి కత్తెరతో తీస్తుంటే, ఒక్క దగ్గు వచ్చినా పక్కనున్న మంచి కండ తెగుతుంది.

స్కోలిన్ కండరాలను వదులు చేసే పాత మందు. ఎక్కించిన నిమిషానికి కనురెప్పలు, బుగ్గలు, భుజాలు, కాలివేళ్లు వరసగా అదిరి ఆగిపోతాయి, ఊపిరి కండరాలూ ఆగుతాయి. ఐదు పది నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. మర్నాడు ఒళ్లునొప్పులున్నా, ఈ వేగం కోసమే దాన్ని ఇంకా వాడుతున్నాం. అయితే దాన్ని రక్తంలో విరగ్గొట్టేది సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. కొందరికి పుట్టుకతోనే అది దాదాపు ఉండదు, అందుకే మందు విరగక గంటల తరబడి ఊపిరి తిరిగి రాదు. ఆర్యవైశ్యుల్లో ఈ లోపం మిగతావారికంటే ఎక్కువని మన దేశంలో జరిగిన పరిశోధనల్లో తేలింది. అమ్మ నుంచీ నాన్న నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఇంత తీవ్రంగా బయటపడుతుంది. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. ఇది జబ్బు కాదు. స్కోలిన్ లాంటి మందు తగలకపోతే జీవితాంతం తెలియకపోవచ్చు.

గుంటూరులో ఇరవై రెండేళ్లుగా మత్తు ఇస్తున్నాను. నా చేతిలోనూ ఒకసారి ఇలా జరిగింది. ఆ కుర్రాడిని వెంటిలేటర్ మీద ఉంచి, మత్తు వదలకుండా చూసుకుంటూ రాత్రి రెండింటిదాకా పక్కనే కూర్చున్నాను. తెలివి వచ్చి కదల్లేకపోతే నరకం, అందుకే మత్తు ఆపకూడదు. మణికట్టు దగ్గర చిన్న కరెంటు పెట్టి చూస్తుంటే చివరికి బొటనవేలు కొంచెం కదిలింది. ఆ కదలిక ఇప్పటికీ కళ్లముందే ఉంది. అబ్బాయి పొద్దున ఇడ్లీ తిన్నాడు.

మీవారికి ముందుగా, ఈ ఎంజైమ్ ఎంత ఉందో చూపే సీరం కోలినెస్టరేజ్ పరీక్ష చేయించండి. పురుగుమందు తాగి వచ్చినవాళ్లకు మన ఆసుపత్రుల్లో చేసే రక్తపరీక్షే అది. రిపోర్టు చేతికొచ్చేదాకా స్కోలిన్ జోలికి పోకూడదు. కండరాలను వదులు చేసే మరో మందు మివాక్యూరియం కూడా అదే ఎంజైమ్‌తో విరుగుతుంది, అదీ వద్దు.

నేనైతే దానికి బదులు, కండరాలను వదులు చేసే రోక్యురోనియం ఇస్తాను. నిమిషం, నిమిషంన్నరలో పట్టుకుంటుంది. వదిలేస్తే అరగంట పైనే ఉంటుంది గానీ, పని అయిపోగానే సుగామాడెక్స్ ఇస్తే అది రోక్యురోనియాన్ని తనలో బంధించేస్తుంది, రెండు మూడు నిమిషాల్లో బలం వస్తుంది. ఖరీదైన మందు, దొరుకుతుందో లేదో ముందే అడగండి. లేకపోతే అట్రాక్యూరియం. శరీరపు వేడికి అది చాలావరకు దానంతటదే విరుగుతుంది, ఈ ఎంజైమ్‌తో పని లేదు. మెల్లగా పట్టుకుంటుంది, అరగంట దాకా ఉంటుంది. దాన్ని తిప్పికొట్టే నియోస్టిగ్మిన్ కండరాలు కొంత కోలుకున్నాకే పనిచేస్తుంది. కాబట్టి బుడిపె తీసేశాక మీవారు ఇంకాసేపు బల్ల మీదే ఉంటారు. ఆలస్యమైందని బయట కంగారు పడకండి.

చిన్నమామగారి డిశ్చార్జ్ కాగితం దొరికితే వెంట తీసుకెళ్లండి. ఆయన పిల్లలకూ ఈ పరీక్ష చేయించమనండి. ఎవరికి తక్కువ వచ్చినా ‘స్కోలిన్ ఇవ్వకూడదు’ అని చీటీ రాసి, పర్సులో ఆధార్ కార్డు పక్కనే పెట్టుకోవాలి.