పాపసంకీర్తనం రహస్యం ఎవరికి?

"చర్చిలో ఫాదర్‌గారు, సిస్టర్లు పిల్లలకు లైంగిక వేధింపుల గురించి జాగ్రత్తలు చెబుతున్నారు కదా, ఇంట్లో మేం మళ్లీ చెప్పాలా?" అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. చెప్పాలి. అసలు ముందు చెప్పాల్సిందే మీరు. పిల్లలకు లైంగికత గురించి నేర్పడం తల్లిదండ్రుల ప్రాథమిక హక్కు, బాధ్యత అని రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లోనే రాశారు.

మా అమ్మాయి మొదటి సత్ప్రసాదానికి (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పాన్ని మొదటిసారి తీసుకునే వేడుకకు) తయారవుతున్న రోజుల్లో ఒక రాత్రి పడుకోబోతూ, "అమ్మా, పాపసంకీర్తనంలో జరిగింది ఎవరికీ చెప్పకూడదట కదా, నీకు కూడానా?" అంది. పాపసంకీర్తనం అంటే చేసిన పాపాలను ఫాదర్‌గారి దగ్గర చెప్పుకోవడం. జ్ఞానోపదేశం (మతబోధ) క్లాసులో తప్పేమీ చెప్పలేదు. కానీ ఆ రహస్యం ఫాదర్‌గారు కాపాడాల్సింది. పాపం చెప్పుకున్నవాళ్లకు ఆ కట్టుబాటు లేదు. ఈ తేడా పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

లేచి లైటు వేశాను. "అక్కడ ఎవరు ఏమన్నా, ఏం చేసినా నాకు చెప్పొచ్చు. 'అమ్మకు చెప్పకు' అని ఎవరైనా అంటే, ముందు ఆ మాటే వచ్చి చెప్పు" అన్నాను.

"ఫాదర్‌గారి మాట వినకపోతే పాపం కదా?"

"నిన్ను ముట్టుకోవద్దని చెప్పడం ఎప్పుడూ పాపం కాదు."

పక్క గదిలోంచి మా అత్తయ్యగారు, "చిన్నపిల్లకు గురువుల మీద అనుమానం ఎందుకు పుట్టిస్తావమ్మా?" అన్నారు. 2002లో అమెరికాలోని బోస్టన్‌లో ఫాదర్లు పిల్లల్ని లైంగికంగా వేధించినట్టు బయటపడిన కేసుల్లో, ఫాదర్ ఇంటికి రావడమే అదృష్టమనుకున్న భక్తిగల కుటుంబాల పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆమెకు చెప్పాను. ఆ తర్వాత ఆమె వాదించలేదు.

ఫిర్యాదు చేసినవాళ్లను మౌనంగా ఉండమని ఎవరూ కట్టడి చేయకూడదని ఫ్రాన్సిస్ పోపుగారు 2019లో నియమం పెట్టారు. చాలా మంచి నియమం. అయితే ముందుగా పిల్ల ఇంట్లో నోరు విప్పాలి కదా!

అందుకే నాకు కోపం వస్తుంది. సత్ప్రసాదం మీటింగుల్లో గౌను, కిరీటం, ఫోటోల గురించే గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఇంటికొచ్చిన చుట్టాలకు ముద్దు పెట్టమని, ఇష్టం లేదంటున్నా పిల్లను ముందుకు తోస్తాం. శరీర భాగాల అసలు పేర్లు పలకడానికి సిగ్గుపడతాం. ఇలా పెరిగిన పిల్ల వద్దని చెప్పడం ఎప్పుడు నేర్చుకుంటుంది?

ఏదైనా చెప్పుకుంటే మాత్రం "నువ్వెందుకు ఒంటరిగా వెళ్లావు?" అని అడగకండి. నమ్ముతున్నానని చెప్పండి. పదేపదే గుచ్చి గుచ్చి అడగకండి. ముందు పోలీసుల దగ్గరికి వెళ్లండి, ఆ తర్వాత బిషప్‌గారికి తెలియజేయండి. చర్చి పరువు పోతుందని ఎవరు ఆపినా ఆగకండి.