మామత్ దంతంతో కత్తి పిడి: అసలు పని ఆరబెట్టడంలోనే ఉంది

ఏనుగు జాతికి చెంది ఎప్పుడో అంతరించిపోయిన మామత్ అనే జంతువు దంతం పగిలి ఉంటే, దాన్ని బాగుచేసి కత్తికి పిడిగా వేయించుకోవచ్చా, అది మన దగ్గర దొరుకుతుందా అని మీరు అడిగారు. రెండో ప్రశ్నకు సమాధానం చిన్నది. మన దేశంలో దాని వ్యాపారం నిషిద్ధం. ఎప్పుడో అంతరించిన జంతువుది కదా, ఏనుగుది కాదు కదా అన్న వాదనను సుప్రీంకోర్టు 2003లోనే తోసిపుచ్చి, వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని నిషేధం దానికీ వర్తిస్తుందని తేల్చింది. ఆన్‌లైన్‌లో ఎవరైనా మామత్ దంతం ఇంటికే పంపుతామంటే నమ్మకండి. వచ్చేది ప్లాస్టిక్ ముక్కో పశువుల ఎముకో అయి ఉంటుంది. నిజమైన దంతాన్ని అడ్డంగా కోస్తే జల్లెడ అల్లికలాంటి గీతలు కనిపిస్తాయి. పైపెచ్చుకు దగ్గరగా ఆ గీతలు ఏనుగు దంతంలో సాధారణంగా 115 డిగ్రీలకు మించిన కోణంలోనూ, మామత్ దంతంలో 90 డిగ్రీల లోపు కోణంలోనూ కలుస్తాయి. ఎముకలో ఆ అల్లికే ఉండదు.

ఇక బాగుచేయడం గురించి నేను కళ్ళారా చూసినదే చెబుతాను. మాది ఉదయగిరి. మూడు తరాలుగా మా ఇంట్లో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కుతున్నాము. టెక్సాస్‌లో ఉంటున్న మా పెద్దబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, వాళ్ళ పొరుగున ఉండి కత్తులు తయారుచేసే ఒకాయన నన్ను తన షెడ్డుకు పిలిచారు. అలాస్కా నుంచి తెప్పించుకున్న జానెడు దంతాన్ని ఆయన రెండు పలకలుగా కోసి, అందులో ఒకదాన్ని త్వరగా ఆరుతుందని కిటికీలో ఎండ తగిలేచోట పెట్టారు. మరునాటి ఉదయానికి ఆ పలక ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోయింది. ఆయన ముఖం చూసి నా మనసు కలుక్కుమంది, ఎందుకంటే పదమూడేళ్ళ వయసులో నేనూ మేము గరిటెలు చెక్కే నర్ది అనే చెట్టు పచ్చి కర్రను ఇలాగే ఎండలో పెట్టి పాడుచేశాను. మా నాయన దుంగ చివరలకు పేడ పూసి నెలల తరబడి నీడన ఎందుకు ఉంచేవారో నాకు ఆ రోజే అర్థమైంది.

దంతమూ కర్రలాంటిదే. గడ్డకట్టిన నేలలో వేల ఏళ్ళు ఉన్నా అది రాయిగా మారిపోదు. అందులో కొల్లాజెన్ అనే మాంసకృత్తు ఇంకా మిగిలి ఉండి, తేమను పీలుస్తూ వదులుతూ ఉంటుంది. గరాటులో గరాటు దూర్చినట్టుగా పెరిగిన పొరలలో పైది ముందుగా ఆరి ముడుచుకుంటే, లోపలిది ఇంకా తడిగా ఉంటుంది కనుక, నెర్రె ఆ రెంటి మధ్యనే పడుతుంది. మిగిలిన పలక అంచులకు మైనం పూసి, కాగితంలో చుట్టి, పెట్టెలో నీడన ఉంచమని చెప్పాను. నాలుగు నెలల తర్వాత తీసి, సన్నని నెర్రెల్లోకి పలుచటి సూపర్ గ్లూ చుక్కలు చుక్కలుగా వదిలారు. అది దానంతట అదే లోపలికి పాకింది. గాలి తీసేసిన పాత్రలో (వాక్యూమ్) రెజిన్ అనే జిగురు ఎక్కించి ఓవెన్‌లో గట్టిపరుస్తానని ఆయన అన్నప్పుడు నేను గట్టిగా వద్దన్నాను. దంతానికి వేడిని మించిన శత్రువు లేదు. ఈ కాలం పనివాళ్ళు ప్రతిదానికీ గ్రైండర్ ఎత్తుకోవడం కూడా నాకు నచ్చదు: పలక వేడెక్కి మళ్ళీ నెర్రెలు పడతాయి, ఆ దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేత్తో సాండ్ పేపర్ పట్టి, ముక్కుకు మాస్క్ కట్టుకుని రుద్దాలి. అలా రుద్దుతుంటే పైపెచ్చులో లేత నీలం మరక ఒకటి తేలింది. భూమిలోని ఇనుము దంతంలోని ఫాస్ఫేట్‌తో కలిసి వివియనైట్ అనే ఖనిజంగా మారినప్పుడు వచ్చే రంగు అది. అంత అందాన్ని యంత్రంతో అరగదీయడానికి మనసెలా ఒప్పుతుందో నాకు తెలియదు.

మీ కత్తికి మాత్రం బాగా ఆరిన నర్ది కర్రతో ఉదయగిరిలో పిడి చేయించుకోండి. అయితే పిడి దంతమైనా కర్ర అయినా, దాన్ని కత్తికి బిగించే సీల కంటే రంధ్రం వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలని, సీలను సుత్తితో కొట్టి బిగించకుండా ఎపాక్సీ జిగురుతో అతికించాలని పనివాడికి ముందే చెప్పండి.