‘బుడ్డలు’ అని రాస్తే సున్నా ఎందుకొచ్చింది?
తరగతి గదిలో వెబ్ పనిముట్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పదో తరగతికి గూగుల్ ఫారమ్స్‌లో స్లిప్ టెస్టు పెట్టాను. ‘మన ప్రాంతంలో విరివిగా సాగయ్యే నూనెగింజ పంట ఏది?’ అన్న ప్రశ్నకు సగం మందికి సున్నా పడింది. తెరిచి చూస్తే అన్నీ సరైన జవాబులే. పైగా మార్కుల షీటు ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గీతలు. ఎక్కడ పొరపాటు?
— సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడు, పత్తికొండ

జవాబు: కీలో (ఫారమ్‌కు ఇచ్చే సరైన జవాబుల జాబితాలో) మీరు ‘వేరుశనగ’ అని ఒక్కటే ఇచ్చి ఉంటారు. పిల్లల్లో ఒకరు వేరుశెనగ అని రాస్తారు, ఇంకొకరు శెనక్కాయలు అంటారు, మరొకరు ఇంట్లో అనే మాటే రాస్తారు: బుడ్డలు. ఫారమ్‌కు అర్థంతో పనిలేదు, అక్షరాలు పోలాయా లేదా అన్నదే దాని లెక్క. అందుకే చిన్న జవాబు ప్రశ్న పెట్టేటప్పుడు ‘ఆన్సర్ కీ’లో పిల్లలు రాయగల రూపాలన్నీ ఒక్కో వరుసలో చేర్చండి. ‘కర్నూలు’ జవాబైతే కర్నూల్, కర్నూలు జిల్లా, అవసరమైతే కందనవోలు కూడా.

కంటికి కనపడని తేడా ఇంకోటుంది. ‘హెడ్‌మాస్టర్’ లాంటి మాటలో పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కనపడని విభజన గుర్తు పెడతాయి, కొన్ని పెట్టవు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. ఇలాంటి మాటలు జవాబుగా వచ్చేచోట నాలుగు ఆప్షన్ల ప్రశ్న పెట్టడమే మేలు.

ఇప్పటికే పెట్టేసిన టెస్టును సరిచేయడానికి ‘రెస్పాన్సెస్’లో ‘క్వశ్చన్’ వీక్షణకు వెళ్లండి. ఒకేలా రాసిన జవాబులన్నీ ఒక గుంపుగా కనిపిస్తాయి. ‘బుడ్డలు’ గుంపుకు ఒక్కసారి టిక్కు పెడితే అలా రాసిన వాళ్లందరికీ మార్కు పడుతుంది. అయితే ఈలోగా పిల్లలు సున్నా చూసుకుని బాధపడకూడదు కదా. మార్కుల విడుదలను ‘లేటర్’కు మార్చితే ఫారమ్ ఈమెయిల్ అడగడం మొదలెడుతుంది. ఈమెయిల్ లేని పిల్లలకు అది కుదరదు. అప్పుడు ‘ఇమీడియెట్‌లీ’ దగ్గరే ఉంచి, దాని కింద ఉండే మూడు మీటలు (తప్పిన ప్రశ్నలు, సరైన జవాబులు, మార్కులు చూపేవి) ఆపేయండి. దిద్దాక మార్కులు మీరే చెప్పండి.

ఎక్సెల్ గీతలకు కారణం, పట్టికను కామాలతో విడదీసి వట్టి అక్షరాలుగా దాచే సీఎస్‌వీ ఫైలు. ఎక్సెల్ దాన్ని నేరుగా తెరిస్తే యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి కోడ్) అని గుర్తుపట్టదు. గూగుల్ షీట్స్‌లో ‘ఫైల్’, ‘డౌన్‌లోడ్’ నొక్కి ఎక్సెల్ ఫైలుగానే దించుకోండి. చేతిలో సీఎస్‌వీ ఒక్కటే మిగిలితే ఎక్సెల్ ‘డేటా’ ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెరిచి, ఫైల్ ఆరిజిన్ దగ్గర ‘65001: యూనికోడ్ యూటీఎఫ్-8’ ఎంచుకోండి.

డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టిన పాత ప్రశ్నపత్రాన్ని ఫారమ్‌లో అతికించినా ఇలాంటి గీతలే వస్తాయి. అక్కడ లోపల ఉండేవి ఇంగ్లిష్ కోడ్లు, పైన తెలుగు వేషం. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. ఇంకా జరగని పరీక్ష పేపరును మాత్రం ముక్కూమొహం తెలియని కన్వర్టర్ సైటులో అతికించొద్దు. అది ఎవరి సర్వర్‌కు చేరుతుందో మనకు తెలియదు.

ప్రశ్న: మా తరగతిలో 42 మంది. ఎవరి దగ్గరా ఫోన్ లేదు, ఉన్నా బడికి తేనివ్వం. నా ఫోన్ ఒక్కటే ఉంది. క్విజ్ పెట్టే దారి ఉందా?
— గణితం ఉపాధ్యాయిని, గుత్తి

జవాబు: ప్లికర్స్ అనే క్విజ్ పనిముట్టు మీలాంటి తరగతికే సరిపోతుంది. ప్రతి పిల్లకూ ఒక కాగితం కార్డు ఇస్తారు. మధ్యలో నల్లటి గళ్ల బొమ్మ, దాని నాలుగు వైపులా చిన్నగా ఏ, బీ, సీ, డీ. జవాబు బీ అనుకున్న పిల్ల బీ ఉన్న వైపు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటుంది. మీరు ఫోన్ కెమెరాను తరగతి మీదుగా మెల్లగా తిప్పితే ఎవరి జవాబు ఏదో తెర మీద నమోదవుతుంది. అక్షరాలు చిన్నవి, ఒక్కో కార్డు బొమ్మ ఒక్కో తీరు కాబట్టి పక్కవాడిని చూసి తిప్పడం తేలిక కాదు.

కార్డులు ఉచితంగా పీడీఎఫ్‌లో దొరుకుతాయి. మామూలు సెట్టులో 40 కార్డులే ఉంటాయి. మీకు 63 కార్డుల సెట్టు కావాలి. ఏ4 కాగితానికి రెండు చొప్పున ప్రింటు తీయించి, వెనక గట్టి అట్ట అంటించండి. పాత పెళ్లి పత్రికలు భేషుగ్గా పనికొస్తాయి. మెరిసే లామినేషన్ వేయించొద్దు. ట్యూబులైటు వెలుతురు దాని మీద పడి కెమెరాకు బొమ్మ కనపడదు. మొదటి వారం అందరికీ ఎదురయ్యే తంటా ఇంకోటుంది: పిల్లలు బొటనవేలు నల్ల గళ్ల మీద పెడతారు, ఆ కార్డు చదవబడదు. అంచులు మాత్రమే పట్టుకోమని రెండు సార్లు ఉత్తుత్తి ప్రశ్నలతో అలవాటు చేయండి.

సైటులో తరగతి జాబితా నింపేటప్పుడు పూర్తి పేర్లు, ఇంటిపేర్లు ఇవ్వాల్సిన పనేమీ లేదు. 1 నుంచి 42 వరకు నంబర్లు చాలు. ఏ నంబరు ఎవరిదో మీ నోట్‌బుక్కులో ఉంటుంది. ఏ పనిముట్టు వాడబోయినా ముందు ఈ ప్రశ్న వేసుకోండి: పిల్లల పేరు ఇవ్వకుండా ఈ పని జరుగుతుందా? చాలాసార్లు జరుగుతుంది.

ప్రశ్న: బెలూం గుహలకు విహారయాత్ర అనుకున్నాం. ముందుగా వివరాలు వెతికి రమ్మంటే కొందరు కర్నూలు జిల్లా అన్నారు, కొందరు నంద్యాల జిల్లా. పొడవు ఒకరు మూడు కిలోమీటర్లకు పైనే అన్నారు, ఒకరు ఒకటిన్నర. ‘ఎక్కువ సైట్లలో ఉన్నదే కరెక్టు’ అని వాళ్లే తీర్పు చెప్పేశారు. సమాచారం సరిచూసుకోవడం ఎలా నేర్పాలి?
— ఉపాధ్యాయుడు, జమ్మలమడుగు

జవాబు: మీ పిల్లలు తెలియకుండానే మంచి పాఠం తెచ్చిపెట్టారు. ఓట్లు లెక్కబెడితే ఇక్కడ కర్నూలే గెలుస్తుంది. కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగాక కొలిమిగుండ్ల మండలం, దాంతోపాటు బెలూం, నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు రాసిన పేజీలు రాసిననాటికి తప్పు కాదు. వాటిని చూసి ఇప్పటికీ కాపీ కొడుతున్నవి తప్పు. పది సైట్లు ఒకదాన్నుంచి ఒకటి ఎత్తి రాసుకుంటే అది పది సాక్ష్యాలు కాదు, ఒకే సాక్ష్యం. లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమానుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. పాత పేజీల్లో అనంతపురం జిల్లా అని ఉంటుంది, ఇప్పుడవి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.

పొడవు సంగతి వేరు. అక్కడ రెండూ నిజమే. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులు నడవడానికి వీలున్నది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. రెండు సైట్లు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి. ‘ఏది తప్పు?’ అని అడిగే ముందు ‘ఇద్దరూ ఒకే సంగతి చెబుతున్నారా?’ అని అడగడం పిల్లలకు అలవాటు కావాలి.

దీన్ని ఒక్క పీరియడ్‌లో ఇలా చేయించొచ్చు. బెలూం మీద నాలుగైదు పేజీలు ముందే ప్రింటు తీసిపెట్టుకోండి, తరగతిలో నెట్ అక్కర్లేదు. ఇద్దరిద్దరికి ఒక పేజీ ఇచ్చి మూడు గళ్లు నింపమనండి: ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఈ మాట వాళ్లకెక్కడిది. తేదీ గడి ఖాళీగా మిగిలిన పేజీలను బోర్డు మీద ఒక పక్కగా రాయండి. జిల్లా పేరు దగ్గర తేలిపోయేవి చాలావరకు అవే. మూడో గడి కష్టం, దానికే ఎక్కువ సమయం ఇవ్వండి.

తెలుగు వికీపీడియా పేజీ అయితే పైన ‘చరిత్ర’ ట్యాబ్ చూపించండి. ఏ వాక్యం ఏ రోజు ఎవరు మార్చారో అక్కడుంటుంది. కింద ‘మూలాలు’ లేని వాక్యాన్ని నమ్మకానికి తీసుకోవద్దు. తప్పు కనపడితే మూలం చూపి పిల్లలే దిద్దొచ్చు, అయితే సభ్యనామంగా అసలు పేరు, బడి పేరు పెట్టుకోనివ్వద్దు. ఏఐ చాట్‌బాట్ జవాబుకూ ఈ మూడు గళ్లే పరీక్ష. అది మూలం చూపితే ఆ లింకు తెరిచి, చెప్పిన మాట నిజంగా అందులో ఉందో లేదో చదవాలి. లింకు ఉండి మాట లేకపోవడం మామూలే.

ఫొటోలకు గూగుల్ లెన్స్ వాడండి. గండికోట లోయ అంటూ ఎక్కడెక్కడి కొండల ఫొటోలో వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. అదే ఫొటో ఇంకెక్కడ, ఏ పేరుతో ఉందో లెన్స్ చూపిస్తుంది.

ప్రశ్న: తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో యూనిట్ టెస్టు మార్కుల జాబితా, పిల్లల ఫొటోలు పెడుతున్నాం. ఒక తల్లి అభ్యంతరం చెప్పింది. తప్పు చేస్తున్నామా?
— హైస్కూలు ఉపాధ్యాయిని, ప్రొద్దుటూరు

జవాబు: ఆ తల్లి చెప్పింది సబబే. మార్కులు ఆ బిడ్డవి, గ్రూపువి కావు. ఎవరివి వాళ్లకే విడిగా పంపండి. పేర్లు తీసేసి రోల్ నంబర్లతో పెట్టినా దాగేదేం లేదు, రోల్ నంబర్లు తరగతిలో అందరికీ తెలుసు. గ్రూపులో ఒకరి ఫోన్ నంబరు అందరికీ కనపడుతుంది, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. వాట్సాప్ ‘కమ్యూనిటీ’ ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరివొకరికి కనపడవు. బ్రాడ్‌కాస్ట్ జాబితా కూడా వాడొచ్చు. దానికి హద్దు 256 మంది. మీ నంబరు సేవ్ చేసుకోని వాళ్లకు మాత్రం మెసేజ్ అందదు. ‘పంపారంటున్నారు, రాలేదే’ అన్న ఫిర్యాదు చాలావరకు ఇక్కడిదే.

ఫొటోల సంగతికొస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ బాలలుగానే చూస్తుంది, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. అడ్మిషన్ రోజే ఒక కాగితం మీద అడగండి: తరగతి గ్రూపులో పెట్టొచ్చా, బడి ఫేస్‌బుక్ పేజీలో పెట్టొచ్చా, అసలొద్దా. మూడింటికీ విడివిడిగా టిక్కు ఉండాలి. తీసేటప్పుడు వెనక నుంచో, చేతుల్లోని ప్రాజెక్టు కనపడేలానో తీస్తే సగం తలనొప్పి ఉండదు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరం పోతుంది గానీ ‘డాక్యుమెంట్’గా పంపితే ఫొటోతో పాటే వెళ్తుంది.

ప్రశ్న: ఐఎఫ్‌పీ ప్యానెల్‌లో (తరగతి గదిలోని పెద్ద టచ్ తెర) యూట్యూబ్ కోసం నా అకౌంట్‌తో లాగిన్ అయ్యాను. మర్నాడు వేరే క్లాసులో నా సొంత ఫొటోలు తెర మీద ప్రత్యక్షం. ఇప్పుడేం చేయాలి?
— ఉపాధ్యాయుడు, రాయదుర్గం

జవాబు: ప్యానెల్ దాకా వెళ్లక్కర్లేదు. ఫోన్‌లోనే గూగుల్ అకౌంట్, ‘సెక్యూరిటీ’, ‘యువర్ డివైసెస్’ తెరిచి ఆ ప్యానెల్‌ను సైన్ అవుట్ చేయండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. యూట్యూబ్ వీడియో చూపడానికి లాగిన్ అవసరమే లేదు. బడి పనికి విడిగా ఒక అకౌంట్ పెట్టుకుని, అందులో ఫొటోల బ్యాకప్ ఆపేసి ఉంచుకోండి.

ప్రశ్న: చార్టు మీద అతికించిన క్యూఆర్ కోడ్ మూడు నెలలకే పనిచేయడం మానేసింది. ఇంకోటి స్కాన్ అవుతుంది గానీ ‘పర్మిషన్ అడగండి’ అంటుంది.
— సైన్స్ ఉపాధ్యాయిని, ఆదోని

జవాబు: మొదటిది ‘డైనమిక్’ కోడ్ అయ్యుంటుంది. అందులో ఉండేది మీ లింకు కాదు, కోడ్ తయారుచేసిన సైటు లింకు. ఉచిత గడువు తీరగానే వాళ్లు ఆపేస్తారు. క్రోమ్‌లో పేజీ తెరిచి షేర్ మెనూలోంచి క్యూఆర్ తీసుకుంటే అందులో నేరుగా మీ లింకే ఉంటుంది, గడువు ఉండదు. రెండోది డ్రైవ్ ఫైలు. షేరింగ్‌లో ‘ఎనీవన్ విత్ ద లింక్’, ‘వ్యూయర్’ పెట్టండి. అతికించే ముందు మీ అకౌంట్ లేని వేరే ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి, మీ ఫోన్‌లో అది ఎప్పుడూ తెరుచుకుంటూనే ఉంటుంది. సైజు విషయంలో ఉజ్జాయింపు లెక్క ఇది: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు వెడల్పు. 3 మీటర్లకు 30 సెంటీమీటర్లు. చుట్టూ తెల్ల అంచు కత్తిరించేయొద్దు.

ప్రశ్న: ఎనిమిదో తరగతి అమ్మాయి ఫొటోను ఎవరో మార్ఫింగ్ చేసి గ్రూపుల్లో తిప్పుతున్నారు. ఆధారం కోసం ఆ ఫొటో నాకు పంపించుకున్నాను. తర్వాత ఏం చేయాలి?
— ఉపాధ్యాయిని, ఉరవకొండ

జవాబు: ఆ ఫొటో అసభ్యమైనదైతే మీరు ఇంకెవరికీ పంపొద్దు, హెడ్‌మాస్టర్‌కు కూడా. ఆధారంగానైనా సరే, పిల్లల అసభ్య చిత్రాలు పంచడం, దాచుకోవడం చట్టం దృష్టిలో నేరం దాకా వెళ్తాయి. మీకు పంపించుకున్న సంగతి కూడా దాచకుండా పోలీసులకు చెప్పి, ఆ ఫైలు ఏం చేయాలో వాళ్లు చెప్పినట్టే చేయండి. ఏ గ్రూపు, ఏ నంబరు నుంచి, ఏ తేదీ, ఎన్ని గంటలకు అన్నవి కాగితం మీద రాసుకోండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ‘బడి పరువు పోతుంది, లోపలే సర్దుకుందాం’ అనడానికి వీల్లేదు. స్టేషన్‌తో పాటు సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. పిల్లకు సాయం కోసం 1098. చాలామంది మొదట చేసే 1930 డబ్బు మోసాల కోసం పెట్టిన నంబరు.

ఇన్‌స్టాగ్రామ్ వంటి చోట్లకు పాకకుండా ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఫోన్ దాటి బయటికి వెళ్లదు. దాని గుర్తింపు సంఖ్య ఒక్కటే వెళ్తుంది, ఆ సేవలో చేరిన వేదికలు దాన్ని బట్టి ఫొటోను గుర్తుపట్టి తీసేస్తాయి.

అమ్మాయిని ‘అసలు ఫొటో ఎందుకు పెట్టావు’ అని ఎవరూ అడగకుండా మీరు చూడాలి. ఇంట్లో ఫోన్ లాక్కోవడం మొదటి శిక్ష అవుతుందేమోనన్న భయంతోనే చాలామంది పిల్లలు ఇలాంటివి చెప్పరు. తల్లిదండ్రులను పిలిపించినప్పుడు మొదట ఈ మాటే చెప్పండి.