బ్రామ్లీ యాపిల్ మా జడ్చర్లల కాస్తదా?

ప్రశ్న: నమస్తే సార్, మాది జడ్చర్ల. ఇంగ్లాండ్‌ల మా బిడ్డ దగ్గరికి పోయినప్పుడు బ్రామ్లీ అని పుల్లటి యాపిల్ పప్పుల వేసినం, అచ్చం మామిడికాయ పప్పు లెక్కనే ఉండె. ఆ చెట్టు మా పెరట్ల పెడితే కాస్తదా?

జవాబు: కష్టమమ్మా. దానికి చలికాలంల 7 డిగ్రీలకు తక్కువ చలి వందల గంటలు కావాలె, మన పాలమూరుల అంత చలి ఎక్కడిది, చెట్టు బతికినా పూత సరిగ్గ రాదు. పైగా అది ట్రిప్లాయిడ్ రకం, అంటే క్రోమోజోముల సెట్లు రెండుకు బదులు మూడు ఉంటయి, దాని పుప్పొడి పనికిరాదు, అన్ని చెట్లూ కాయాలంటే పక్కన ఇంకో రెండు రకాల యాపిల్ చెట్లు ఉండాలె. గింజ పెడితే అదే రకం రాదు, అంటు కట్టాల్సిందే. 1809ల ఇంగ్లాండ్‌ల సౌత్‌వెల్ అనే ఊర్ల మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి గింజ నాటితే మొలిచింది మొదటి చెట్టు, పేరేమో తర్వాత ఆ ఇల్లు కొన్న బ్రామ్లీది పడ్డది, ఆ పిల్ల పేరే ఉంటే బాగుండు అనిపిస్తది నాకు.

యాపిలే కావాలంటే తక్కువ చలి చాలే ‘అన్నా’, ‘హెచ్‌ఆర్‌ఎంఎన్-99’ అనే రకాలు పెట్టి చూడండి, కానీ పప్పులకు ఆ పులుపు రాదు. మళ్లా అక్కడికి పోతే మాత్రం పప్పు మెత్తగ ఉడికినంకనే బ్రామ్లీ ముక్కలు వెయ్యండి, ముందే వేస్తే పులుపుకు పప్పు ఉడకదు, ముక్కలైతే నిమిషాలల్ల గుజ్జయితయి.