బ్లేడు లోపల పెట్టు చిన్నా

ఒరేయ్ చిన్నా,

నీ కోడిపెట్ట కుంటుతోందని, నువ్వేమో వీడియోలు చూసి ఆదివారం దాని అరికాలు కోసి గడ్డ తీసేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కూర వండేద్దామన్న వాళ్లందరితో పోట్లాడావట, ముచ్చటేసింది. బ్లేడు మాట వినగానే మాత్రం గుండె గుభేలుమంది.

మీ నాన్న నీకిది చెప్పి ఉండడు. పెళ్లికి ముందు వాడికో అసీల్ పుంజు ఉండేది. దాని అరికాల్లో నీ పెట్టకున్నట్టే వాపు, మధ్యలో నల్లటి పక్కు. అమ్మ వద్దంటున్నా వినకుండా గడ్డం గీసుకునే బ్లేడుతో కోసి బొటనవేళ్లతో నొక్కాడు. రక్తం వచ్చింది, చీము రాలేదు. కోడికి చీము మనకు కారినట్టు కారదురా, గట్టిపడి జున్నుముక్కలా లోపలే కూర్చుంటుంది, నొక్కేకొద్దీ ఇంకా లోతుకి పోతుంది, ముదిరితే ఎముక దాకా పాకుతుంది. పైగా రక్తం ఆగాలని పాత పంచె చింపి బిగించి కట్టాడు, మర్నాటికి వేళ్లు చల్లబడి నల్లగా అయిపోయాయి. పుంజు బతికింది గానీ ఆ కాలు మళ్లీ నేలకి ఆన్చలేదు. వాడు దాని ముందు గొంతుక్కూర్చుని అరచేతిలో నూకలు తినిపిస్తుంటే తిట్టడానికి మా ఎవరికీ నోరు రాలేదు.

వాపు చిన్నదై, పెట్ట మేత తింటుంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో పావు కప్పు ఎప్సమ్ సాల్ట్ (వంట ఉప్పు కాదు, మెగ్నీషియం సల్ఫేట్) వేసి రోజుకి రెండుసార్లు పదిహేను నిమిషాలు కాలు నానబెట్టు. ఆ నీళ్లు తాగనివ్వకు, పారుకుంటుంది. తువ్వాలుతో కళ్లు కప్పి ఒళ్లో పెట్టుకుంటే గింజుకోదు. నానిన పక్కు దానంతటది ఊడితే సరే, గోకి పీకావో నా చేతిలో అయిపోతావ్. తడి ఒత్తి, బెటాడిన్ రాసి, గాజుగుడ్డ పెట్టి వదులుగా కట్టు, కాసేపయ్యాక వేళ్లు పట్టుకుని చూడు, వెచ్చగా ఉండాలి. కట్టు రోజూ మార్చు. చేతికి గ్లౌజులు తప్పనిసరి, ఎక్కువగా ఈ పుండు చేసేది స్టెఫైలోకాకస్ అనే క్రిమి, మన చేతి గాయాల్లోకీ అది దూరగలదు.

ఇదంతా చేసి మళ్లీ ఆ సిమెంటు డాబా మీదే వదిలితే ఏం లాభం? గరుకు నేల మీద గీరుకున్న చిన్న గాటులోంచే క్రిములు లోపలికి పోయేది. వరి ఊక మందంగా పరిచి, తడిసినప్పుడల్లా మార్చు. పడుకునే కర్ర మోకాలి ఎత్తు దాటనివ్వకు, ఎత్తు నుంచి దూకినప్పుడల్లా దెబ్బంతా అరికాలికే. మీ అమ్మ పెట్టే అన్నం ముద్దలు కూడా తగ్గించమను, ఒళ్లు పెరిగిన కోడికి ఇది తొందరగా వస్తుంది.

వాపు పైకి పాకినా, మేత మానేసినా ఇక నీ వైద్యం ఆపేసి పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యి, లేదా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు. యాంటీబయాటిక్ రాస్తే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అక్కడే అడుగు. రేపు పొద్దున్నే ఎండలో ఆ అరికాలు ఫొటో తీసి పంపు, నేను చూసేదాకా ఏమీ కోయకు.

మీ అత్త