కార్బొరేటర్ కడిగేటప్పుడు: మీ ప్రశ్నలు, మెకానిక్ జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో వానలకి ముందు మిషన్లు బయటికి తీసి చూసుకోవడం గురించి రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు కార్బొరేటర్, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం, కడగడం గురించే ఉన్నాయి. కొన్ని చదువుతుంటే నిజంగా భయమేసింది, అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మా తైవాన్ స్ప్రేయర్ పత్తికి మందు కొట్టినంక డిసెంబర్‌ల షెడ్డుల పెట్టేసిన. ఇప్పుడు చోక్ ఏస్తేనే నడుస్తది, చోక్ తీస్తే బందైతది. పక్కింటాయన రాత్రంతా పెట్రోల్ మగ్గుల నానబెట్టుమంటడు, పెయింట్ షాపాయన థిన్నరైతే గంటల మురికి పోతదంటడు. ఏది మంచిది?
– ఒక పత్తి రైతు, వరంగల్ జిల్లా

జవాబు: అన్నా, చోక్ అంటే గాలి తగ్గించి పెట్రోల్ ఎక్కువ లాగించే మీట, అది వేస్తే నడిచి తీస్తే ఆగుతోందంటే ఇంజన్‌కి పెట్రోల్ సరిగ్గా అందట్లేదు. కానీ కార్బొరేటర్ విప్పే ముందు ట్యాంకులో ఉండే చిన్న ఫిల్టర్, పైపు ఒకసారి చూడండి, సగం సార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. అవి బాగుంటే అప్పుడు జెట్, అంటే కార్బొరేటర్ లోపల పెట్రోల్ వచ్చే సన్న బొక్క ఉన్న ఇత్తడి ముక్క, మూసుకుపోయినట్టే. ఇన్ని నెలలు పెట్రోల్ అలా నిలవుంటే అందులో తేలికగా ఉండేదంతా ఆవిరైపోయి మిగిలింది జిగురుగా, లక్కలాగా గట్టిపడుద్ది, మీది ఆయిల్ కలిపి పోసే ఇంజన్ కాబట్టి ఆ ఆయిల్ కూడా అక్కడే మిగిలిపోద్ది. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమని పీల్చుకుంటది, ఆ నీళ్లు అడుగుకి చేరితే లోపల తెల్లటి పొడి పేరుకుంటది. ఈ రెండు మురికులూ వేరు. జిగురు సాల్వెంట్‌కి కరుగుద్ది, తెల్ల పొడి కరగదు, వారం నానబెట్టినా అలాగే ఉంటది, దాన్ని బ్రష్షుతో రుద్ది తీయాల్సిందే. కాబట్టి ఏ మందులో ఎంతసేపు నానబెట్టాలి అనే లెక్క కన్నా ముందు విప్పి చూడటం ముఖ్యం.

ఇప్పుడు పెట్రోల్ సంగతి. మనందరం పెట్రోల్ అంటుకుంటది అంటాం గానీ అంటుకునేది దాని ఆవిరి. అగ్గి చూపిస్తే అంటుకునేంత ఆవిరి పెట్రోల్ నుంచి మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా వస్తది, అంటే మన ఊళ్లో ఏ రోజైనా ఏ టైమైనా వస్తూనే ఉంటది. ఆ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేల మీద పాకి గుంటల్లో, మంచాల కింద నిలబడుద్ది. గాల్లో నూటికి ఒకటిన్నర వంతు కలిస్తే చాలు, అంటుకోవడానికి రెడీ. అందుకే దూరంగా ఉన్న పొయ్యి మనకి సంబంధం లేదు అనుకోవడానికి లేదు.

నేను ఆటోనగర్‌లో పనిలో చేరిన కొత్తల్లో ఇది కళ్లారా చూశాను. వాన పడుతోందని షట్టర్ సగం దించి, గిన్నెలో పెట్రోల్ పోసి రెండు కార్బొరేటర్లు నానబెట్టి బల్ల కింద పెట్టాం, మూలన ఒకతను టీ కోసం స్టౌ వెలిగించాడు, మధ్యలో పది అడుగుల పైన దూరం ఉంది, మంట నేల మీదుగా పరుగెత్తుకుంటూ గిన్నె దాకా వచ్చింది. కంగారులో ఎవరో బకెట్ నీళ్లు కుమ్మరించారు, పెట్రోల్ నీళ్ల మీద తేలి ఆ నీళ్లతో పాటే షాపంతా పారింది. నా పక్కన పనిచేసే కుర్రాడి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. పెట్రోల్ మంటకి నీళ్లు పోయకూడదని నాకు ఆ రోజే తెలిసింది, ఇసుక పోయాలి, లేదా మంటలార్పే పౌడర్ సిలిండర్ వాడాలి. అప్పట్నుంచి ఇసుక బకెట్ పక్కన లేకుండా నేను ఒక్క కార్బొరేటర్ కూడా విప్పలేదు.

అందుకని రాత్రంతా మగ్గులో నానబెట్టడం వద్దే వద్దు, అది కూడా షెడ్డులో అసలు వద్దు. ప్లాస్టిక్ మగ్గు ఇంకా తప్పు, ప్లాస్టిక్‌లో పెట్రోల్ కదిలేటప్పుడు స్టాటిక్ కరెంటు పుడుద్ది, అది పోయే దారి లేక నిప్పురవ్వ కొట్టొచ్చు. థిన్నర్ కూడా మంట విషయంలో పెట్రోల్‌కి తమ్ముడే, పైగా రబ్బర్లని, డయాఫ్రం అనే పల్చటి పొరని, పెట్రోల్ మీద తేలే కొన్ని ప్లాస్టిక్ ఫ్లోట్లని ఉబ్బించి పాడుచేస్తది. నన్నడిగితే కిరసనాయిలు దొరికితే అది, లేకపోతే కొంచెం డీజిల్, చాలా వరకు పని అయిపోద్ది, నిదానంగా అవుద్ది అంతే. అయితే వాటితో కూడా ఒక జాగ్రత్త. కిరసనాయిలు 35 డిగ్రీలు దాటాక అంటుకునేంత ఆవిరి ఇవ్వడం మొదలెట్టొచ్చు, మీ దగ్గర మే నెలలో ఎండ 44 కూడా ఉంటది, ఆ ఎండలో కిరసనాయిల్ని కూడా పెట్రోల్‌తో సమానంగా చూడాలి. పొద్దున్నే చెట్టు నీడన కూర్చోండి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా, బీడీ, పొయ్యి, మోటారు స్టార్టర్ ఏదీ దగ్గర్లో లేకుండా.

పని చేసే తీరు చెప్తాను. స్ప్రేయర్ మీద పురుగుమందు ఉంటది కాబట్టి ముందు బయటంతా సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి, ఇది మర్చిపోవద్దన్నా, పెట్రోల్, కిరసనాయిలు చేతి మీది జిడ్డంతా లాగేస్తాయి, ఆ చర్మంలోంచి మందు ఇంకా తేలిగ్గా ఒంట్లోకి పోద్ది. చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, మామూలు పల్చటి రబ్బరు గ్లవ్స్ పెట్రోల్ తగిలితే ఉబ్బి చిరుగుతాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ప్లగ్ క్యాప్ పీకేసి, ట్యాంకు కింద పెట్రోల్ కాక్ మూసి, ఉన్న పెట్రోల్‌ని మూత ఉన్న ఇనప డబ్బాలోకి దించండి. విప్పే ముందు ఫోన్లో నాలుగు ఫోటోలు తీసి ఫోన్‌ని దూరంగా పెట్టేయండి. గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ ఉంటే మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో రాసుకుని అప్పుడు తీయండి, బిగించేటప్పుడు మళ్లీ అదే లెక్క. రబ్బరు, డయాఫ్రం, ఫ్లోట్, పెట్రోల్ రాకని ఆపే నీడిల్ అన్నీ పక్కకి తీసేశాక మిగిలిన లోహం ముక్కల్ని స్టీలు గిన్నెలో టీ గ్లాసుడు కిరసనాయిల్లో పావుగంట ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బకెట్ల కొద్దీ అక్కర్లేదు. జెట్ బొక్కలో సూది, పిన్నీసు పెట్టొద్దు, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ ఇచ్చే స్లో జెట్ బొక్క అర మిల్లీమీటరు కన్నా సన్నం, ఇత్తడి మెత్తన, కాస్త గీసుకున్నా ఇంజన్ ఇక ఎప్పటికీ పెట్రోల్ ఎక్కువే తాగుద్ది. బ్రష్షులోని ఒక నైలాన్ పోగు చాలు. జెట్‌ని ఆకాశం వైపు పెట్టి చూస్తే గుండ్రంగా వెలుతురు కనపడాలి. తర్వాత పంక్చర్ షాపులో గాలి కొట్టించండి, కళ్లద్దాలు పెట్టుకుని. మీ దాంట్లో ఫ్లోట్ కప్పు కాకుండా డయాఫ్రం రకం ఉంటే గాలి చాలా నెమ్మదిగా కొట్టాలి, లోపల చిన్న వాల్వులుంటాయి, గట్టిగా కొడితే లేచిపోతాయి. అంతా బిగించాక వెంటనే స్టార్ట్ చేయకండి, బయట పడ్డ కిరసనాయిలు తుడిచి, ఆరాక, ఎక్కడా కారట్లేదని చూసుకుని అప్పుడు కొత్త పెట్రోల్ పోయండి.

ప్రశ్న: సార్, మా నాన్నగారి 2009 స్ప్లెండర్ కార్బొరేటర్‌ని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే కార్బ్ క్లీనర్ స్ప్రేతో క్లీన్ చేశాను. అరగంటకే తల తిరిగింది, కళ్లు మండాయి. మాస్క్ పెట్టుకునే చేశాను. పైగా కప్పు కింద రబ్బరు రింగు సాగిపోయి మళ్లీ గాడిలో కూర్చోవట్లేదు.
– డిగ్రీ విద్యార్థి, రాజమండ్రి

జవాబు: తమ్ముడూ, సొంతంగా చేసుకోవాలనుకున్నావు, అది మంచిదే, కానీ చోటు తప్పు ఎంచుకున్నావు. ఆవిరి కిందికి దిగుద్దని పైన చెప్పాను కదా, సెల్లార్ అంటే ఊరందరి ఆవిరీ దిగి కూర్చునే చోటు, అక్కడ మీటర్ బోర్డులు, మోటార్ స్విచ్‌లు కూడా ఉంటాయి. ఆ డబ్బాల్లో సాధారణంగా ఉండేవి ఎసిటోన్, టోలుయీన్, జైలీన్ లాంటివి, నీ తల తిరిగింది వాటి వల్లే. మందుల షాపు మాస్క్ దుమ్ముని ఆపుద్ది గానీ ఆవిరిని ఆపదు, దానికి కార్బన్ గుళిక ఉన్న మాస్క్ వేరే ఉంటది, అది కూడా మూసిన గదిలో చేసుకోవడానికి లైసెన్స్ కాదు. ఈసారి మేడ మీదకో రోడ్డు పక్కకో తీసుకెళ్లు, తల తిరిగిందంటే వెంటనే లేచి గాల్లోకి వచ్చేయ్, ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోద్దిలే అని కూర్చోవద్దు.

కళ్లకి గాగుల్స్ తప్పనిసరి, ఎందుకంటే కార్బొరేటర్ లోపల దారులన్నీ ఒకదానికొకటి కలిసుంటాయి, నువ్వు ఇటు బొక్కలో స్ప్రే కొడితే అటు బొక్కలోంచి సూటిగా మొహం మీదకి వస్తది. కంట్లో పడితే పావుగంట పాటు ధారగా మంచినీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించాలి, నలపకూడదు. సాగిన రింగు నీడలో ఒక రోజు ఆరబెడితే ఒక్కోసారి మామూలు సైజుకి వస్తది గానీ నేనైతే కొత్తది వేస్తాను, అక్కడ కారితే పెట్రోల్ పడేది వేడి ఇంజన్ మీద. ఇంకోటి, కార్బ్ క్లీనర్ లేదని బ్రేక్ క్లీనర్ వాడేవాళ్లున్నారు, క్లోరిన్ రకం బ్రేక్ క్లీనర్ తడి ఆరకముందే దాని దగ్గర వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే ప్రాణాలు తీసే గ్యాస్ పుట్టొచ్చు. డబ్బా మీద చిన్న అక్షరాలు చదివాకే కొను.

ప్రశ్న: జెట్లు చింతపండుతో తోమితే తళతళలాడుతున్నాయి. కార్బొరేటర్ మొత్తం చింతపండు నీళ్లలో ఉడకబెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండి. జెట్ ఇత్తడి కాబట్టి మన పూజ సామాను లాగే మెరిసింది. బాడీ మాత్రం అల్యూమినియమో జింకు మిశ్రమమో, పులుపు దాన్ని తింటది, నల్లబడి గరుకు తేలుద్ది. నిమ్మకాయకీ ఇదే జవాబు.

ప్రశ్న: మా అబ్బాయి బండిలోంచి పెట్రోల్ తీయడానికి పైపు నోటితో లాగి కొంచెం మింగేశాడు. ఉప్పు నీళ్లు తాగించి కక్కించాను. తర్వాత రెండ్రోజులు దగ్గు, జ్వరం. డాక్టర్ గారు కక్కించినందుకు కోప్పడ్డారు. నేను చేసింది అంత తప్పా?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: అమ్మా, బిడ్డని కాపాడుకోవాలని చేశారు, మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ డాక్టర్ గారు చెప్పింది నిజం. పెట్రోల్ కడుపులో చేసే చెడు కన్నా ఊపిరితిత్తుల్లో చేసే చెడు చాలా ఎక్కువ, పల్చగా ఉంటది కాబట్టి కక్కేటప్పుడు ఇట్టే గొంతులోంచి ఊపిరి గొట్టంలోకి జారిపోద్ది, అక్కడ న్యుమోనియా తెస్తది. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే కక్కించొద్దు, నోరు కడిగించి, కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేయండి. బాగానే ఉన్నాడనిపించినా తీసుకెళ్లండి, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు. పెట్రోల్ తీయడానికి చేత్తో నొక్కే చిన్న పంపులు స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతాయి, ఒకటి కొనిపెట్టండి.

ప్రశ్న: కడిగేశాక మిగిలిన నల్ల పెట్రోల్ ఎక్కడ పారబోయాలి?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మురిక్కాలవలో పోయొద్దు, బావి దగ్గర, చెట్టు మొదట్లో కూడా వద్దు. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, పెద్ద అక్షరాలతో పేరు రాసి, పాత ఇంజన్ ఆయిల్ పోగుచేసే సర్వీస్ సెంటర్‌ని అడిగి వాళ్లకి ఇవ్వండి. తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకుండా బయట పరిచి పూర్తిగా ఆరనివ్వండి. కూల్ డ్రింక్ బాటిల్లో, మంచినీళ్ల బాటిల్లో మాత్రం ఎప్పుడూ పోసి పెట్టొద్దు, ఒక్క పూటకైనా సరే. దాహమేసిన పిల్లలు బాటిల్ చూస్తారు గానీ వాసన చూడరు.