జి నుంచి సి కార్డ్‌కు మారేటప్పుడు లయ తప్పడం గురించి

మిర్యాలగూడలో గిటార్ నేర్పేవారు దొరకక యూట్యూబ్‌పైనే ఆధారపడుతున్నానని, మూడు నెలలైనా జి కార్డ్ (కలిపి మోగించే కొన్ని స్వరాల సమూహం) నుంచి సి కార్డ్‌కు మారేసరికి లయ తప్పుతోందని మీరు రాశారు. ముందుగా జి కార్డ్‌ను ఆరో తీగపై ఉంగరపు వేలు, ఐదో తీగపై మధ్య వేలు, ఒకటో తీగపై చిటికెన వేలు ఉంచి పట్టుకోండి. అప్పుడు ఉంగరపు, మధ్య వేళ్లు అదే ఆకారంలో ఒక్కో తీగ కిందికి జరిగి, చిటికెన వేలు లేచి, చూపుడు వేలు రెండో తీగ మొదటి ఫ్రెట్‌పై (గిటార్ మెడపై లోహపు కడ్డీలు విడదీసే గడి) వాలితే సి కార్డ్ సిద్ధమవుతుంది.

రోజుకొక కొత్త వీడియో వెతకడం (నల్లగొండలో నేనూ ఏడాదిపాటు చేసిన పనే) మానేసి, జస్టిన్‌గిటార్ వెబ్‌సైట్‌లోని ఉచిత ప్రారంభ పాఠాలను వరుసగా అనుసరించండి. ఒక నిమిషంలో రెండు కార్డ్‌ల మధ్య ఎన్నిసార్లు మారగలిగారో లెక్కించే అభ్యాసం అందులో ఉంది. అల్టిమేట్ గిటార్ వెబ్‌సైట్‌లోని పాటల కార్డ్‌లను చాలావరకు వాడుకరులే చేరుస్తారు కనుక, పాటతో సరిచూసుకున్నాకే వాటిని నమ్మండి.